క్యాప్ దగ్గర మొదలయ్యే చదువు: ఫోరెన్సిక్ బాలిస్టిక్స్‌లో ఉద్యోగావకాశాలు

తుపాకులు, తూటాలు, వాటి నుంచి మిగిలే ఆనవాళ్లను పరిశీలించి న్యాయస్థానానికి నివేదించే శాస్త్రాన్ని ఫోరెన్సిక్ బాలిస్టిక్స్ అంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని నిర్దేశించి, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చినందువల్ల, ఈ రంగంలో నిపుణుల అవసరం పెరుగుతోంది. ఈ దారి పట్టదలచిన విద్యార్థుల చూపు సాధారణంగా బుల్లెట్ మీదే నిలుస్తుంది గానీ, చదువు మొదలుకావలసింది తూటా అడుగున ఉండే చిన్న లోహపు క్యాప్ దగ్గర.

తూటాలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి వంటి లోహంతో చేసిన గొట్టం, దాని మూతిలో బిగించిన బుల్లెట్, లోపలి తుపాకీమందు, అడుగున క్యాప్. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ అనే ఉక్కుమొన క్యాప్‌ను కొట్టగా, దానిలోని సున్నితమైన రసాయనం, సుత్తెకూ దాగలికీ మధ్య పడ్డట్టుగా నలిగి మండుతుంది. ఆ మంట మందుకు అంటుకోగా పుట్టిన వాయువుల ఒత్తిడి బుల్లెట్‌ను ముందుకు తోస్తుంది. దెబ్బకు మండే రసాయనంతో తుపాకీని పేల్చే పద్ధతికి స్కాట్లండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో పేటెంటు పొందగా, ఆ తరువాతి దశాబ్దాల్లో రాగి క్యాప్ వాడుకలోకి వచ్చింది.

.22 వంటి రిమ్‌ఫైర్ తూటాల్లో విడి క్యాప్ ఉండదు. రసాయనం అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి పిన్ గుర్తు అంచున పడుతుంది. సెంటర్‌ఫైర్ తూటాల్లో క్యాప్ నడిమధ్యన ఉంటుంది. వీటిలో బాక్సర్ క్యాప్‌కు, రసాయనం నలగడానికి ఆధారమయ్యే దాగలి తనలోనే ఉండి, గొట్టంలో మంట వెళ్లే రంధ్రం ఒక్కటే ఉంటే, బెర్డాన్ పద్ధతిలో దాగలి గొట్టంలో భాగమై, రంధ్రాలు సాధారణంగా రెండుంటాయి. ఈ పద్ధతులను రూపొందించినవారిలో బాక్సర్ బ్రిటన్‌వాడు, బెర్డాన్ అమెరికన్. అయినా అమెరికాలో బాక్సర్ రకమే ఎక్కువగా వాడుకలో నిలవడం చరిత్రలోని చిన్న చమత్కారం.

పరిశీలకుడికి క్యాప్ ప్రయోజనం చాలా పెద్దది. రైఫిల్, పిస్తోలు బారెళ్ల లోపలి మెలికల గాళ్లు బుల్లెట్‌పై గీతలు వేస్తాయి గనుక, రెండు బుల్లెట్లను ఒకే చూపులో పక్కపక్కన చూపే కంపారిజన్ మైక్రోస్కోపుతో వాటిని పోల్చవచ్చు. కానీ 12 బోర్ తుపాకీ బారెల్ నున్నగా ఉంటుంది, అది చిమ్మే సీసపు రవ్వలపై అటువంటి గీతలు పడవు. అప్పుడు ఖాళీ గొట్టం క్యాప్‌పై మిగిలిన పిన్ గుర్తే ప్రధాన ఆధారమవుతుంది. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకుల్లో తూటా గొట్టమే ఉండదు కాబట్టి, పేలిన క్యాప్ ముక్క దొరికినా విలువైనదే.

రసాయన ఆధారాల్లోనూ క్యాప్‌దే పైచేయి. ఆధునిక క్యాప్‌లలో ఎక్కువగా సీసం, బేరియం, ఆంటిమొనీ సమ్మేళనాలుంటాయి. మూడూ ఒకే సూక్ష్మరేణువులో కలిసి కనిపిస్తే అది కాల్పుల అవశేషమనడానికి బలమైన సూచన. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దాని ఆకృతినీ, ఎక్స్‌రే విశ్లేషణతో మూలకాలనూ గుర్తిస్తారు. అయితే ఆ రేణువులు ఒకరి చేతి నుంచి మరొకరికి అంటగలవు, సీసం లేని క్యాప్‌లలో ఈ మూడింటి కలయికే దొరకదు కనుక, రేణువు దొరికినంత మాత్రాన ఆ చేయి ట్రిగ్గర్ నొక్కిందనీ, దొరకనంత మాత్రాన నొక్కలేదనీ తేల్చడం శాస్త్రం కాదు.

ఈ ఉద్యోగాలకు భౌతిక, రసాయన శాస్త్రాల డిగ్రీ గట్టి పునాది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ పీజీ ఉంది. 2020 చట్టంతో జాతీయ హోదా పొందిన గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ప్రత్యేక కోర్సులతో పాటు ఫ్యాక్ట్ అనే అర్హత పరీక్షను నిర్వహిస్తుంది. హైదరాబాద్‌లోని కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో కొలువులు నియామక ప్రకటనల ద్వారా భర్తీ అవుతాయి, ఏ పోస్టుకు ఏ డిగ్రీ చెల్లుతుందన్నది ప్రకటనను బట్టి మారుతుంది. ప్రభుత్వ శాస్త్రనిపుణుడి నివేదికను భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 329వ సెక్షన్ కింద సాక్ష్యంగా స్వీకరించవచ్చు; అవసరమనుకుంటే న్యాయస్థానం అతన్ని పిలిచి ప్రశ్నించవచ్చు కాబట్టి, మైక్రోస్కోపులో చూసినదాన్ని శాస్త్రం తెలియని న్యాయవాదికి సులభమైన తెలుగులో విడమరచి చెప్పే సాధన కూడా విద్యార్థి దశలోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.