క్రొత్త యింటికి పిట్టగోడ, క్రొత్త పొయ్యికి పనివాడు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6-9, నిర్గమకాండము 31:1-6, 35:30-35, మత్తయి 4:5-7, యాకోబు 2:14-17



ఈ నెల పాఠమునకు మూలమైన వచనముమీద మన సంఘములలో ప్రసంగము వినుట అరుదు. అది ద్వితీయోపదేశకాండము 22:8. దానికి ముందు పిట్టగూటిని గూర్చిన ఆజ్ఞ యున్నది, తరువాత ద్రాక్షతోటలో రెండు విధములైన విత్తనములు చల్లకూడదను ఆజ్ఞ యున్నది. ఈ రెంటి నడుమ, క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టును పిట్టగోడ పెట్టింపవలెననియు, పెట్టింపక పోగా ఎవడైనను పడి చనిపోయిన యెడల ఆ దోషము ఆ యింటిమీదనే నిలుచుననియు మోషే చెప్పుచున్నాడు.

ఆ దేశపు మిద్దెలు చదునైనవి. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీద ఆరవేసిన జనుపకట్టెలోనే (యెహో. 2:6). పేతురు ప్రార్థన చేయుటకు ఎక్కినదియు మిద్దెమీదికే (అపొ. 10:9). మనుష్యులు తిరుగు చోటు గనుక అక్కడ గోడ కావలెను. దేవుడు ఇక్కడ పడినవానిని ‘నీవు చూచుకొని నడువవద్దా’ అని అడుగలేదు, కట్టించినవానిని అడిగెను. ఈ సంగతి గుర్తుంచుకొనుడి.

మన పెద్దల కాలములో తాటాకు ఇండ్లు, పెంకుటిండ్లు గనుక ఈ మాట మనది కాదనుకొంటిమి. ఇప్పుడు ప్రతి పేటలోను డాబాలు లేచినవి. అయితే నేను చెప్పబోవునది డాబా సంగతి కాదు, ఆ యింటిలోని నిప్పు సంగతి.

చలి దేశములలో ఇల్లంతయు వెచ్చగా నుండుటకు యంత్రములు పెట్టించుకొందురు. యెహోయాకీము రాజునకును శీతకాలపు నగరులో కుంపటి యుండెను. అతడు ప్రవక్త గ్రంథమును కోసి వేసినది ఆ కుంపటిలోనే (యిర్మీ. 36:22-23). గోదావరి డెల్టాలో మనకు ఆ అవసరము లేదు, సంక్రాంతి ముందటి మంచుకు వీధిలో చలిమంట చాలును. మన యింటి వేడి యంతయు రెండే చోట్ల నున్నది: అన్నము వండు పొయ్యిలో, స్నానపు నీళ్లు కాగు బాయిలరులో.

ఇది వరిచేల దేశము, అడవి దూరము. మన తల్లులు కొబ్బరి డొక్కలు, తాటిమట్టలు, సరుగుడు పుల్లలు, పిడకలు, మిల్లు దగ్గర తెచ్చిన ఊక కాల్చిరి. వానకాలములో తడిసిన డొక్కలమీద ఊదుగొట్టముతో ఊది ఊది, చంకలో బిడ్డతో, కన్నీరు తుడుచుకొనుచు వండిరి. ఆ కన్నీటిని మనము తల్లి ఓర్పు అని పొగడితిమి గాని, గోడకు ఒక కన్నము పెట్టించలేదు. వంటింటి పొగవలన 2020లో లోకమంతట సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో రెండు లక్షలకు పైగా అయిదేండ్ల లోపు పిల్లలు.

ఈ విషయములో మన తెలుగు దేశమునుండియే ఒక మేలు బయలుదేరినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యి నొకదానిని తయారుచేసిరి. దానిని గూర్చి ఆయన 1950 దశకములో వ్రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను చిన్న పుస్తకమును ప్రచురించినది మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ. బైబిలు వ్యాఖ్యానములు అచ్చువేయు సంస్థ పొయ్యి పుస్తకము వేయుట నాకు ఎంతో ఇష్టముగా తోచును. ఆ పొయ్యి మట్టితోనే కట్టునది. మంట మొదటి కుండ క్రింద, వేడి లోపలి సొరంగము గుండ తక్కిన కుండల క్రిందికి, పొగ గొట్టము గుండ కప్పు మీదికి పోవును. గాలి తగ్గించుటకు ఒక రేకు పలక. పొగ, మసి, ఉడుకు, కట్టెల వృథా, అగ్నిభయము అను అయిదింటినుండి ఇల్లాలికి విడుదల కలుగునని దానిని ప్రచారము చేసినవారు చెప్పిరి.

తరువాత 1980 దశకములో ప్రభుత్వము ఇట్టి పొయ్యిలను దేశమంతట కట్టించెను. వాటిలో అనేకము కొద్ది కాలములోనే మూలపడెను. ఎందుకనగా సొరంగము కొలత తప్పినను, గొట్టము పొట్టిదైనను పొగ తిరిగి ఇంటిలోనికే వచ్చును. గొట్టములోని మసి తీయకున్నను అంతే. మట్టి పనియే గదా అని ఎవడు పడితే వాడు కట్టెను. మట్టి పనికిని కొలత కలదు.

గుడారమును గూర్చిన కథను ఇక్కడ చదువుడి. ఊరు కుమారుడైన బెసలేలు దేవుని ఆత్మతో నింపబడెనని వ్రాయబడియున్నది. అతడు యాజకుడు కాడు, ప్రవక్త కాడు. బంగారము, ఇత్తడి, చెక్క, రాయి పని ఎరిగినవాడు. బలిపీఠము, దాని నిప్పు ఉపకరణములును అతని చేతి పనియే. మరియు 35వ అధ్యాయములో, ఆ పనిని ఇతరులకు నేర్పు మనస్సును దేవుడు అతనికిచ్చెనని యున్నది. నేర్చినవాని చేతిపని దేవుని వరమైనప్పుడు, ఆ వరమును కాదని నూరు రూపాయలు తక్కువకు వచ్చువానిని పిలుచుట ఎట్టిదో ఆలోచించుడి.

నేను ఆలోచింపలేదు. మా యింట స్నానముల గదిలో గ్యాసు గీజరు పెట్టింపదలచి, సగము కూలికి ఒప్పుకొన్న మనిషిని పిలిచితిని. అతడు దానిని గది లోపలనే, మూసిన కిటికీ ప్రక్కన బిగించెను. వేడిగాలి బయటకు పోవు గొట్టము దండుగ అని అతడనగా నేనును సరే యంటిని. పది దినముల తరువాత నా కోడలు స్నానమునకు వెళ్లి ఎంతకును రాలేదు. పిలిచినను పలుకలేదు. తలుపు విరుగగొట్టి చూడగా పడియున్నది. బయటి గాలికి తెచ్చిన కొంతసేపటికి కన్ను తెరచెను. ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పినదేమనగా, గాలి చాలని చోట గ్యాసు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును; దానికి రంగు లేదు, వాసన లేదు; మనిషి దగ్గుటకైనను సావకాశముండదు. ప్రభువు ఆమెను కాచెను. ఆ మనిషిమీద కోపపడితిని గాని, ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ వచనము నన్నే చూచెను. ఇప్పుడు మా గీజరు గోడ వెలుపల, గొట్టముతో నున్నది.

కొందరు విశ్వాసులు, ‘దేవుడే మనలను కాపాడును, ఇంత భయమెందుకు?’ అందురు. దేవాలయ శిఖరము అంచున ప్రభువుతో సాతాను పలికినదియు ఇంచుమించు ఆ మాటయే, దానికి వాక్యమును కూడ జతచేసెను. ప్రభువు దూకలేదు.

1999లో మన రాష్ట్రములో దీపము పథకమువలనను, 2016 నుండి ఉజ్వలవలనను బీద ఇండ్లకు గ్యాసు వచ్చినది. ఇది గొప్ప మేలు. అయితే పాత నిప్పు పొగతో హెచ్చరించెను, క్రొత్త నిప్పు అట్లు కాదు. సిలిండరులోని గ్యాసు గాలికంటె బరువైనది, నేలమీద నీళ్లవలె ప్రాకి పల్లములో నిలుచును. కాబట్టి సిలిండరును నిలువుగా, పొయ్యిని దానికంటె ఎత్తుగా, గట్టుమీద పెట్టవలెను. కాకినాడ మొదలగు చోట్ల పైపులలో వచ్చు సహజవాయువు తేలికైనది, పైకప్పు దగ్గర చేరును. వాసన తగిలినప్పుడు స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయుడి. క్రొత్త కనెక్షను బిగించుట ఏజెన్సీ మెకానిక్కు పని. అతడు బిగించి, సబ్బు నురుగుతో కీళ్లు చూచి, ఇంటివారికి వాడుక చూపించు వరకు అతనిని పంపవద్దు.

2014 జూన్ 27న తెల్లవారుజామున నగరములో జరిగినది కోనసీమవారు మరువలేదు. గ్యాసు గొట్టము పగిలి మంటలు లేచి 20 మందికి పైగా చనిపోయిరి. తడి లేని గ్యాసు పోవలసిన గొట్టములో తడి గ్యాసు పోవుటచేత లోపలినుండి తుప్పు తినివేసెనని విచారణలో తేలెను. పెద్ద సంస్థలకైనను, మన వంటింటికైనను లోపలి తుప్పు పైకి కనబడదు.

ఇక ఖర్చు మాట. మంచి గొట్టమునకు, మెకానిక్కు కూలికి డబ్బు లేని విధవరాండ్రు మన సంఘములలో నున్నారు. సారెపతు విధవరాలు ఊరిగవినియొద్ద రెండు పుల్లలేరుకొనుచుండెను (1 రాజులు 17:12). వెచ్చగా ఉండుమని నోటితో దీవించి పంపివేయుటను గూర్చి యాకోబు ఏమనెనో చదివితిమి. స్త్రీల సమాజము పిడికెడు బియ్యపు సొమ్ములో కొంత దీనికి తీయవచ్చునా అని పాస్టరుగారితోను పెద్దలతోను మాటలాడుడి. మన యౌవనులలో ఒకడు ఈ పని క్రమముగా నేర్చుకొనుటకు సహాయము చేసిన యెడల మరియు మంచిది.

వచ్చే ఆదివారము క్లాసుకు ముందు ప్రతివారును వంటింటిలోనికి వెళ్లి, నారింజరంగు రబ్బరు గొట్టముమీద అచ్చువేసిన సంవత్సరము చూడుడి. అయిదేండ్లు దాటినచో మార్పించవలసినదే. కొత్తదైనను వంచి పగుళ్లు చూడుడి. ఆ సంవత్సరమును కాగితముమీద వ్రాసి తెండి. అక్షరము రాని అమ్మమ్మల యిండ్లకు సండేస్కూలు పిల్లలు వెళ్లి చూచి వత్తురు.