మౌస్ నీ చేతిలోనే ఉండాలి, చెల్లీ

చెల్లీ, మొన్న మధ్యాహ్నం హోమ్‌స్టెడ్ రోడ్డు మీదున్న మా సెంట్రల్ పార్క్ లైబ్రరీకి వెళ్ళాను. పుస్తకాలు తిరిగిచ్చేసి వచ్చేద్దామనుకుంటే, కంప్యూటర్ల దగ్గర ఒక పెద్దావిడ కనిపించింది. నేత చీర, దాని మీద మనవడి స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. మన అమ్మలు శాంటా క్లారా వచ్చాక పది రోజుల్లో వేసే వేషమే. చేతిలో పాస్‌పోర్టు, ఎదురుగా వెలుగుతున్న తెర, మధ్యలో ఆవిడ బిక్కమొహం.

"తెలుగమ్మాయివేనా?" అంది. అవునన్నాను. "నేనెప్పటిదాకా ఉండొచ్చో చూసిపెట్టరా అని మావాణ్ణి మూడ్రోజుల్నించీ అడుగుతున్నానమ్మా. మీటింగంటాడు. వాడికి రెండు నిమిషాల పనిట. ఆ రెండు నిమిషాలే దొరకట్లేదు."

పాస్‌పోర్టులో పదేళ్ళ వీసా ఉంటుంది కదా, అది చూసి ధీమాగా ఉండేవాళ్ళున్నారు. అసలు లెక్క అది కాదు. విమానం దిగినప్పుడు ఆఫీసరు ఏ తేదీదాకా ఉండనిస్తే అదే గడువు, మామూలుగా ఆర్నెల్లు. ఇదివరకు దాన్ని ఐ-94 అనే ఓ చిన్న కాగితం మీద రాసి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టేవాళ్ళు. 2013లో విమానాశ్రయాల్లో ఆ కాగితం ఎత్తేశారు. ఇప్పుడు ఆ ఐ-94 అమెరికా కస్టమ్స్ వాళ్ళ సైటులో ఉంటుంది. పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే కనిపిస్తుంది.

నేను చేసిపెట్టలేదు. రాక్షసిననుకోకు. కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాను కానీ మౌస్ ముట్టుకోలేదు. ఆవిడ చెయ్యి వణికింది. బాణం గుర్తు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకి పరుగెత్తింది. ఇంటిపేరు గడిలో సొంతపేరు, సొంతపేరు గడిలో ఇంటిపేరు పడ్డాయి. మనవాళ్ళందరూ పడే పాటే అది! ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి తేదీ కనబడగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఓస్, ఇంతేనా?" అంది.

ఆ "ఇంతేనా" నాకు బాగా తెలుసు. నేను 2008లో మీ బావగారి వెనకాల హెచ్-4 వీసా మీద తెనాలి నుంచి వచ్చినప్పుడు బీకాం డిగ్రీ ఉంది, కంప్యూటర్ రాదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పెళ్ళానికి కంప్యూటర్ రాకపోవడమేమిటని నవ్వుతావేమో. పెళ్ళిళ్ళకి వండే వంటాయన ఇంట్లో ఆయన పిల్లలకి వంటొచ్చేస్తుందా? మీ బావగారు నేర్పుతాననేవారు. "ఇక్కడ నొక్కు" అనేవారు. నేను "ఇక్కడ" ఎక్కడా అని వెతికేలోపల, "ఇలా ఇయ్యి" అంటూ మౌస్ లాక్కుని టకటకా నాలుగు నొక్కి, "చూశావుగా?" అనేవారు. ఏం చూస్తాను? ఆయన చెయ్యి చూశాను. మంచివాడే పాపం, ఓపికే లేదు. ప్రేమగా లాక్కున్నా లాక్కోవడం లాక్కోవడమే.

2015 మే 26 నుంచి హెచ్-4 మీదున్న భార్యలు కొందరు ఉద్యోగం చెయ్యొచ్చని రూలొచ్చింది. మావారి గ్రీన్‌కార్డు కాగితాలు సగంలో ఉన్నాయి గనక నాకూ వర్తించింది. ఇంటిల్లిపాదీ సంబరం. నాకు మాత్రం గుండెల్లో రాయి. నలభై ఏళ్ళు, రెజ్యూమె రాయడం రాదు. ఆయన రాసిపెడతానన్నారు. ఆ రెజ్యూమె పట్టుకుని ఉద్యోగానికెళ్తే, రేపు అక్కడ కూడా మౌస్ ఆయనొచ్చి పట్టుకుంటారా?

మా స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు నడిపే శాంటా క్లారా అడల్ట్ ఎడ్యుకేషన్ బడికి వెళ్ళాను. నా పక్కన ఒక వియత్నాం బామ్మ, ఇటుపక్క మెక్సికో నుంచి వచ్చిన తోటమాలి. ఇంగ్లీషు ముగ్గురికీ అంతంతే. తప్పు చేస్తే ముగ్గురం ఒకళ్ళ తెరలోకి ఒకళ్ళం తొంగిచూసుకునేవాళ్ళం. ఇంట్లో పడే సిగ్గు అక్కడ పడలేదు.

ఈ ఊరి విడ్డూరం చెప్పనా? మొట్టమొదటి మైక్రోప్రాసెసర్‌గా అమ్మిన ఇంటెల్ 4004 చిప్పు 1971 నవంబరులో వచ్చింది. వేలిగోరంత ముక్కలో 2,300 ట్రాన్సిస్టర్లు. ఆ ఇంటెల్ పెద్దాఫీసు, దాని మ్యూజియం మాకు దగ్గర్లోనే, మిషన్ కాలేజ్ బౌలేవార్డ్ మీద. ఎన్విడియా కూడా మా ఊరిదే. ఆ ఆఫీసుల్లో కొడుకులు, కోడళ్ళు. ఇళ్ళల్లో "బాబూ, కాస్త ఇది చూసిపెట్టవూ" అంటూ అమ్మలు.

బళ్ళో నాకు అన్నిటికన్నా నచ్చింది కంట్రోల్-జెడ్. తప్పు చేశావా, ఆ రెండు మీటలూ కలిపి నొక్కు, చేసింది వెనక్కి పోతుంది. మన పెంపకంలో అలాంటిదెక్కడుంది చెప్పు? పులుసులో ఉప్పెక్కువైతే ఏ మీట నొక్కేవాళ్ళం? కంప్యూటరంటే మనకున్న భయంలో సగం ఏదో పాడుచేస్తామేమోననే. నొక్కినంత మాత్రాన అది పేలిపోదే తల్లీ.

"ఫోనుందిగా అక్కా, ఇంకా కంప్యూటరెందుకు?" అంటున్నావు. ఫోను చూడ్డానికి, మాట్లాడ్డానికి బ్రహ్మాండం. కూర్చుని పని చేసుకోవడానికి మాత్రం తెర, కీబోర్డు కావాలి. నీ చీటీ పుస్తకమే తీసుకో. ఇరవై మంది, నెలకి తలో 5,000, అంటే లక్ష. ఎవరిచ్చారు, ఎవరు బాకీ, పాట ఎంతకి పోయింది, కసరు ఎంత అని నెలనెలా రాత్రి పదింటిదాకా వేళ్ళు మడుస్తుంటావు. ఎక్సెల్‌లో ఒకసారి గళ్ళు గీసి పెట్టుకుంటే కూడికలు అదే చేస్తుంది. ఇవ్వని వాళ్ళ గడి ఎర్రగా కనిపించేలా చేసుకోవచ్చు. మీ ఎదురింటావిడ గడి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుందనుకో, అది వేరే సంగతి.

ఇంగ్లీషు రాదనకు. వీవెన్ గారు చేసిపెట్టిన లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలతో amma అన్నట్టు ఏ, ఎమ్, ఎమ్, ఏ కొడితే "అమ్మ" అని పడుతుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. మన ఊరి పేజీలో తప్పుంటే నువ్వే దిద్దొచ్చు.

వయసు మాటెత్తకు. 1986లోనే ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయంలో మేరీ ఫర్లాంగ్ అనే ఆవిడ పెద్దవాళ్ళకి కంప్యూటర్లు నేర్పాలని సీనియర్‌నెట్ మొదలుపెట్టింది. అప్పటికి ఈ ఇంటర్నెట్ సైట్లే లేవు.

ఇప్పుడు చెవి ఇటు పెట్టు. అమ్మ పోపుల డబ్బాలో, ఆవాల కింద చిల్లర దాచేది గుర్తుందా? నాన్నకి తెలీదనుకునేది. ఆయనకి తెలుసులే. పాస్‌వర్డంటే ఆ డబ్బానే. నీ బ్యాంకు పాస్‌వర్డు నీ కొడుక్కి మాత్రమే తెలిస్తే ఆ డబ్బు నీదెలా అవుతుంది? ఇక్కడ నా స్నేహితురాలి భర్త హఠాత్తుగా పోయాడు. కరెంటు బిల్లు ఏ మెయిలుకొస్తుందో ఆవిడకి తెలీదు. ఏడవడానిక్కూడా తీరిక లేకుండా నెలరోజులు పాస్‌వర్డులు వెతుక్కుంది. అందుకే పుట్టినరోజులూ మనవళ్ళ పేర్లూ కాకుండా, సంబంధం లేని నాలుగు మాటలు కలిపి నీకు మాత్రమే గుర్తుండేలా పెట్టుకో.

దొంగలూ ఉన్నారు. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియో కాల్లో ఖాకీ చొక్కా కనిపిస్తే ఫోన్ పెట్టెయ్. మన దేశం చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోయిందా, ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యి. ఇక్కడైతే గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమంటారు. ఏ ప్రభుత్వాఫీసూ పన్ను గిఫ్టు కార్డుల్లో తీసుకోదు. సైటు తెరిచేముందు పైనున్న చిరునామా గడి చదవడం వస్తే చాలా మోసాలు అక్కడే తెలిసిపోతాయి.

ఆ బడి పుణ్యమా అని నాకు ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో ఉద్యోగం వచ్చింది. జీతం చెప్పను, మీ బావగారి జీతం పక్కన పెడితే నవ్వుతావు.

ఆ లైబ్రరీ పెద్దావిడకి ఈమెయిలు పంపడం కూడా నేర్పాను. నేర్పిన మర్నాడే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, తెలుగులో: "పెరట్లో గోంగూర ఎంత ఏపుగా వచ్చిందో చూడు, ఫొటో జత చేశాను." ఫొటో లేదు. నేనేమీ అనలేదు, ఊరుకున్నాను. పది నిమిషాలకి ఇంకో ఉత్తరం, దాంతోపాటు గోంగూర.

"మర్చిపోయానమ్మాయ్. ఇదిగో. మావాడికి చెప్పకు."