దండ వేశాక ఏం చేశాం?

మాస్టారు పోయి ఏడాది తిరిగేసరికి కాలేజీలో సంస్మరణ సభ పెడతారు. పటం, బంతిపూల దండ, అగరొత్తులు, రెండు నిమిషాల మౌనం. మా మాస్టారికి పెట్టిన అలాంటి సభలో వేదిక మీద ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ‘మహామనీషి’ అన్నారు, ‘తీరని లోటు’ అన్నారు. ఆయన పాఠం ఎలా మొదలుపెట్టేవారో, తప్పు రాసిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పేవారో ఒక్కరి నోటా రాలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణని నాకూ మైకు ఇచ్చారు. నేనూ ఆ రెండు మాటలే అని దిగిపోయాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మూడేళ్ళు నాకు చదువు చెప్పిన మనిషి గురించి నా దగ్గర ఇంతేనా ఉన్నది?

ఒక గురువును నిజంగా గుర్తుపెట్టుకోవడం అంటే ఏమిటో నాకు కొంతైనా అర్థమైంది మామిడిపూడి వెంకటరంగయ్య గారి జీవితం చదివాకే.

ఆయన 1889లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో చరిత్ర చెప్పారు. తర్వాత విజయనగరం వెళ్ళారు. నెల్లూరు వి.ఆర్. కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత బొంబాయి విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. 1968లో పద్మభూషణ్ వచ్చింది. ఇదంతా గౌరవించదగ్గదే. కానీ పదవులు చదివితే మనిషి దొరకడు, ఆయన చేసిన పని దగ్గరికి వెళ్ళాలి.

దేశంలో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఆయన బొంబాయిలో ఉన్నారు. అరవై దాటిన వయసు. కళ్ళముందు ఒక నగరం మొదటిసారి అందరి ఓటుతో చట్టసభలకు తన ప్రతినిధులను ఎన్నుకుంటుంటే, ఆ ఒక్క నగరం ఎన్నికను అధ్యయనం చేసి పుస్తకం రాశారు. పాత శాసనాలకు ఇచ్చే శ్రద్ధనే నిన్నటి పోలింగుకూ ఇచ్చారు. ఇవాళ జరిగేది రేపు చరిత్ర అవుతుందని అందరమూ అంటాం. కూర్చుని రాసేవాళ్ళు తక్కువ.

ఇంకా పెద్ద పని ఆ తర్వాత వచ్చింది. ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాట చరిత్ర నాలుగు సంపుటాలు ఆయన సంపాదకత్వంలో 1965 నుంచి 1974 దాకా వెలువడ్డాయి. అంటే మొదటిది అచ్చయ్యేనాటికి ఆయనకు డెబ్బై ఆరు, చివరిదానికి ఎనభై అయిదు. ఆ సంపుటాల్లో సంపాదకుడి ముందుమాట ఉంటుంది, దాని వెనక మూలపత్రాలు ఉంటాయి. ఉద్యమాన్ని అణచాలని చూసిన ప్రభుత్వం రాసుకున్న కాగితాలు కూడా అందులో ఉన్నాయి. తన మాట చెప్పి ఊరుకోకుండా, ఆ మాటకు ఆధారం పాఠకుడి చేతిలో పెట్టారన్నమాట. నేను గౌరవించే వ్యక్తిత్వం ఇదీ. ‘నేను చెబుతున్నాను, నమ్ము’ అనే హక్కు ఆ వయసుకూ ఆ పాండిత్యానికీ ఎవరైనా ఇచ్చేవారే. ఆయన దాన్ని వాడుకోలేదు.

1981లో ఆయన పేరున ఎం.వి. ఫౌండేషన్ ఏర్పడింది. నడిపించింది ఆయన మనవరాలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా. తాతగారి పేరున ఏటా ఒక స్మారకోపన్యాసం పెట్టినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఈ సంస్థ రంగారెడ్డి జిల్లా పల్లెల్లోకి వెళ్ళింది. 1990ల మొదట్లో వెట్టిలో, పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని ఎత్తుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ళ సూత్రం.

ఆ పనిలో ఒక చిక్కు ఉంది. పన్నెండేళ్ళ పిల్ల ఎన్నడూ పలక పట్టలేదు. ఆరేళ్ళవాళ్ళ పక్కన ఒకటో తరగతిలో కూర్చోమంటే సిగ్గుతో చచ్చిపోతుంది, రెండో రోజుకే మళ్ళీ పొలానికి పోతుంది. అందుకని అలాంటివాళ్ళకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టారు. అక్కడే ఉంచి, కొన్ని నెలలు చదువు చెప్పి, ఆ వయసుకు తగ్గ తరగతిలోకి పంపారు. ఈ సంస్థ కృషితో లక్షల మంది పిల్లలు బడిబాట పట్టారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

తాతగారిది కాగితాల్లో మిగిలినవాళ్ళ కథ, మనవరాలిది హాజరుపట్టీలోకి పేరే ఎక్కనివాళ్ళ కథ. నాకు రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. ఒక తరం పత్రాలు పోగుచేసింది, మరో తరం ఊరూరా తిరిగి పేర్లు రాయించింది.

ఇది చదివాక నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. మా మాస్టారి గురించి గుర్తొచ్చినప్పుడల్లా ఒక సంగతి, పక్కన ఏ సంవత్సరమో రాసుకుంటున్నాను. పొగడ్త రాయను, జరిగింది మాత్రమే రాస్తాను. పరీక్ష ఫీజు కట్టలేని ఒకడి డబ్బు ఆయన కట్టి, రసీదు వాడి చేతికే ఇచ్చిన సంగతి అలాగే గుర్తొచ్చింది. అది రాసిన వారంలో మా వీధిలో ఒక అబ్బాయి ఫీజు కట్టాను. ఆ సంగతి గుర్తు రాకపోయి ఉంటే కట్టేవాణ్ణి కాదేమో.

మీకు చదువు చెప్పినవాళ్ళలో పోయినవారు ఉంటే, వాళ్ళు చేయగా మీరు కళ్ళారా చూసిన ఒక్క పని ఇవాళ రాయండి. రాశాక అదే పని మీ వీధిలో ఎవరికి అవసరమో చూడండి. బతికున్నవారు ఉంటే మాత్రం రాయడం తర్వాత, ముందు వెళ్ళి కలవండి.