పాట నేర్పుతుంటే పిల్లలు జారుకుంటున్నారు

ప్రశ్న: చెంచు పిల్లలకు సాయంత్రాలు సంగీతం నేర్పుతున్నాను. మొదట ఇరవై మంది వచ్చేవారు, ఇప్పుడు నలుగురే. ఉన్నది ఒక్క హార్మోనియం. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అమ్రాబాద్

జవాబు: పిల్లలకు ఆసక్తి లేదనుకోకండి. ఒక్క పెట్టె చుట్టూ ఇరవై మంది కూర్చుంటే పందొమ్మిది మంది ఊరికే చూడాల్సిందే. విసుగు అక్కడే మొదలవుతుంది.

కొన్నాళ్లు సరిగమలు పక్కన పెట్టండి. చప్పట్లు, డప్పు, చిరుతలు – రోజూ అందరి చేతులకూ పని దొరకాలి. ఇంట్లో అవ్వ పాడే పాట పిల్లలే తెచ్చి మీకు నేర్పాలి. ఇది తప్పకుండా చేయండి. సిగ్గుపడే పిల్లల గొంతు పెగిలేది ఇక్కడే.

మీ జిల్లాలోని లింగాల మండలానికి చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యంతోనే. దాన్ని చేసే వెదురు, సొర బుర్రలు, మెట్లు నిలిపే తేనె మైనం మీ పిల్లలకు తెలిసినవే. తెలిసిన కళాకారుణ్ణి పిలిచి, పిల్లలతోనే ఒక కిన్నెర చేయించండి.

తేనె కాలంలో పిల్లలు అమ్మానాన్నల వెంట అడవికి పోతే పేరు కొట్టేయకండి.

వాద్యాల ఖర్చుకు మన్ననూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో అర్జీ పెట్టండి. ఏ పిల్లైనా రెండు వారాలుగా తిండి, మాట తగ్గించేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. హింస, బాల్యవివాహం అనుమానముంటే అదే రోజు పిల్లల సహాయవాణి 1098కు చెప్పండి.