ఆక్వాపోనిక్స్ బెడ్‌కి ఏ షీటు వెయ్యాలి, ఏ రాళ్ళు పొయ్యాలి?

ఇంటి దగ్గర ఆక్వాపోనిక్స్ పెట్టుకుందామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "అన్నా, బెడ్‌కి ఏ షీటు వెయ్యాలి?" అని. షీటు సంగతి తర్వాత చూద్దాం, ముందు అందులో ఏం పోస్తారో తేల్చుకోండి అంటాను నేను. పోసే రాళ్ళను బట్టే షీటు. బెడ్ డాబా మీద పెట్టొచ్చా, నేల మీదే పెట్టాలా అన్నది కూడా రాళ్ళను బట్టే.

ఈ బెడ్‌లో రాళ్ళ పని మొక్కని నిలబెట్టడం ఒక్కటే కాదు. చేపల నీళ్ళలో ఉండే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది ఆ రాళ్ళ మీదే. పొలంలో మట్టి చేసే పని ఇక్కడ రాయి చేస్తుందన్నమాట.

ముందు బరువు లెక్క చూద్దాం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు బెడ్ అనుకోండి. మామూలు నల్లకంకర పోస్తే రాయే దాదాపు 1,450 కిలోలు. రాళ్ళ సందుల్లో నిండే నీళ్ళు ఇంకో 350 లీటర్లు. మొత్తం 1,800 కిలోలు. అంటే మూడు గేదెల్ని పైకెక్కించి ఒకే చోట కట్టేసినట్టే! చదరపు మీటరుకి 600 కిలోలు పడుతుంది. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 ప్రమాణంలో లెక్కగట్టే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలే. క్లే బాల్స్ అనే కాల్చిన మట్టి గోళీలు పోస్తే బరువు బాగా తగ్గుతుంది. అయినా నీళ్ళతో కలిపి చదరపు మీటరుకి 240 కిలోల దాకా వస్తుంది, అదీ 150 దాటినట్టే కదా. అందుకని డాబా మీద పెట్టేవాళ్ళు గోళీలే వాడండి, బెడ్‌ని గోడల మీదకి, బీముల మీదకి వచ్చేలా పెట్టండి, ముందు ఒక ఇంజనీరుకి చూపించండి. "మా స్లాబు గట్టిదే" అన్న మాట మీద మాత్రం పెట్టొద్దు. పెరట్లో జాగా ఉంటే నేల మీదే పెట్టుకోండి, నా ఓటు దానికే.

నేల మీదైతే కంకర చౌక, బాగా పనిచేస్తుంది. కాకపోతే ఏ రాయి అన్నది చూడాలి. గ్రానైట్ కంకరైతే బాధ లేదు. తాండూరు, బేతంచర్ల వైపు దొరికే నాపరాయి సున్నపురాయి జాతి. అలాంటి రాయి ముక్కలు బెడ్‌లో పడితే నిదానంగా కరుగుతూ నీళ్ళ పీహెచ్‌ని పైకి తీసుకుపోతాయి. ఆక్వాపోనిక్స్‌లో పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే చేపకీ మొక్కకీ బాక్టీరియాకీ ముగ్గురికీ సరిపోతుంది. 7.5 దాటిందంటే నీళ్ళలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, లేత ఆకులు పసుపు తిరుగుతాయి. పైగా పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా చేపకి ఎక్కువ విషమవుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల అసలే చవుడు, దానికి ఈ రాయి తోడైతే ఇక చెప్పేదేముంది.

పరీక్ష తేలికే. రాయిని కడిగి, ఆరబెట్టి, నాలుగు చుక్కల వెనిగర్ వెయ్యండి. బుడగలొస్తే సున్నం ఉన్నట్టు, ఆ లోడు వద్దు. ఒక్క రాయితో సరిపెట్టకండి, కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి తీసి చూడండి. ఏటి గులకరాళ్ళైతే వాటిలో నత్తగుల్లలు కలిసి ఉంటాయి, ఏరెయ్యాలి. బాక్టీరియా పనివల్ల కొన్ని నెలలకి పీహెచ్ మరీ దిగిపోతుంది కదా, అప్పుడు కొంచెం సున్నం మంచిదేగా అంటారు కొందరు. నిజమే. దానికి గుల్లల్ని గుడ్డ సంచిలో కట్టి ట్యాంకులో వేలాడదీస్తే సరి, చాలనుకున్నప్పుడు తీసెయ్యొచ్చు. బెడ్ నిండా సున్నపురాయి పోసుకుంటే ఎలా తీస్తారు?

సైజు 12 నుంచి 20 ఎంఎం. ఇసుక పోస్తే చేపల మలంతో పూడుకుపోయి గాలి ఆడదు. కొబ్బరి పొట్టు నీళ్ళు నింపి వదిలే బెడ్‌కి పనికిరాదు. పగలగొట్టిన గోడ ఇటుకలకి సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి, పైగా పొడి రాలుతుంది, వదిలెయ్యండి. ఏది పోసినా నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాల్సిందే. క్రషర్ డస్టు పంపులోకి వెళ్ళిందంటే అవస్థే. (జీవామృతం పొయ్యొచ్చా అని కూడా అడుగుతారు. చేపలున్న నీళ్ళలో వద్దు, ఆక్సిజన్ పడిపోతుంది. వేపనూనె కూడా చేపకి పడదు. వానపాముల్ని మాత్రం వేసుకోండి, రాళ్ళ మధ్య చేరిన మలాన్ని తినేస్తాయి.)

ఇప్పుడు షీటు. అజొల్లా గుంటకి వేసే పల్చటి టార్పాలిన్ గోళీలకైతే సరిపోతుంది, కంకర కొసలకి చిల్లులు పడుతుంది. కంకరకి ఫారం పాండ్‌లో వేసే 500 మైక్రాన్ల షీటు వెయ్యండి. పక్క రైతు దగ్గర మిగిలిన ముక్క ఉంటే అడగండి. హెచ్‌డీపీఈ బిగుసుగా ఉంటుంది, ఎండలో కాసేపు పరిస్తే మెత్తబడి మడత పడుతుంది. ఈపీడీఎం రబ్బరు షీటు మూలల్లో చక్కగా కూర్చుంటుంది కానీ ఖరీదు ఎక్కువ. పాత ఫ్లెక్సీ బ్యానర్ నీళ్ళకి తగిలేలా వెయ్యొద్దు. దాని పీవీసీ, రంగులు చేపల కోసం చేసినవి కావు. షీటు కింద పరుపులా పరుచుకోండి, అక్కడ బాగా పనికొస్తుంది.

కొలత ఇలా కట్టండి. పొడవుకి రెండు లోతులు, ఇంకో అడుగు కలపాలి. వెడల్పుకీ అంతే. మన బెడ్‌కి 11 అడుగులు, 7 అడుగులు. మూలల దగ్గర కత్తిరించకండి, పుస్తకానికి అట్ట వేసినట్టు మడవండి. కారేది ఎక్కువగా పైపు బయటికొచ్చే చోటే. అక్కడ ట్యాంక్ నిపుల్‌కి షీటు లోపలా బయటా రబ్బరు వాషర్ ఉండాలి. రంధ్రం నిపుల్ కన్నా కాస్త చిన్నగా కొయ్యండి. తర్వాత నీళ్ళు నింపి, మట్టం దగ్గర గీత గీసి, పైన కప్పి రెండు రోజులు వదిలెయ్యండి. గీత దిగకపోతే అప్పుడు రాళ్ళు పొయ్యండి. తట్టతో ఎత్తి కుమ్మరించకుండా ముందు రెండంగుళాల మందం చేత్తో పరిచి, దాని మీద మిగతాది.