కుప్ప మీద పొద్దు

చిరంజీవి మేనకోడలికి,

ఎర్రుపాలెం నుంచి నువ్వు పంపిన ఆరు బొమ్మలూ అందాయి. మీ అత్తయ్య వాటిని వరసగా గోడకు ఆనించి పెట్టింది. వచ్చినవాళ్లు జమలాపురం గుట్టను గుర్తుపట్టారు, మిర్చి కల్లాన్ని గుర్తుపట్టారు, బాగుందన్నారు. మామయ్యకు మాత్రం ఒక్క అనుమానం తీరలేదు. ఈ గుట్ట పొద్దుటిదా, సాయంత్రానిదా? ఆరింటిలోనూ ఆకు పచ్చగా, ఆకాశం నీలంగా, నీడ నల్లగా ఉన్నాయి. వేళ మాత్రం ఎక్కడా లేదు.

ఆ సంగతికి వచ్చేముందు నీ దిగులు గురించి రెండు మాటలు. బొమ్మల కాలేజీలో చదవలేదనీ, ఇదంతా సెలవురోజు సరదాయేననీ రాశావు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి పదేళ్లు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే వృత్తికి ఇంగ్లీషు పంతులు. నీటిరంగులు ఆయన సరదా. ఆ సరదాయే తర్వాత చిత్రకారులైన దామెర్ల రామారావునూ, అడివి బాపిరాజునూ చేరదీసింది. రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి పట్టించిందీ ఆ దొరే. ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచి రామారావును తీసుకుపోయింది. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. ఒకసారి వెళ్లి చూడు, పుస్తకాల్లో అచ్చయిన రంగును నమ్మకు.

ఇంకా దగ్గరివాడు కావాలంటే సంజీవదేవ్ గారున్నారు. 1914లో పుట్టి 1999 దాకా బతికిన మనిషి. తెనాలి ప్రాంతంలో, దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి ఆయన ఊరు. బొమ్మలు తనంతట తానే నేర్చుకున్నారు. వయసులో ఉండగా హిమాలయాలు తిరిగారు, కులూ లోయలో నికొలాస్ రోరిక్‌ను కలిశారు. రోరిక్ అంటే ఆ మంచుకొండలనే ఏళ్ల తరబడి, రకరకాల వెలుగుల్లో మళ్లీ మళ్లీ గీసిన రష్యా చిత్రకారుడు. అంతటి కొండలు చూసొచ్చిన సంజీవదేవ్ చివరికి స్థిరపడింది ఎక్కడ? గుట్టయినా లేని డెల్టా పల్లెలో. అక్కడే కూచుని వ్యాసాలు రాశారు, ఊరూరా మిత్రులకు ఉత్తరాలు రాశారు, ప్రకృతి దృశ్యాలు వేశారు. నీకు గుట్ట కూడా ఉంది, ఇక సాకేముంది?

ఇప్పుడు వేళ సంగతి. ఫ్రాన్సులో మోనే అనే ఆయన 1890–91లో తన ఇంటి పక్క పొలంలోని కుప్పలను పాతిక దాకా బొమ్మలుగా వేశాడు. పుస్తకాల్లో వాటిని గడ్డివాములంటారు. పొలం తెలిసినవాళ్లకు అది తప్పని తెలుస్తుంది. అవి నూర్చని గోధుమ కుప్పలు, గింజ వాటిలోనే ఉంది. బొమ్మ మొదలుపెట్టిన కాసేపటికే వెలుగు మారిపోయేది. ఇంటి దగ్గర్నుంచి ఇంకో కాన్వాసు పట్టుకురమ్మని సవతి కూతుర్ని పంపేవాడు. అది సగమయ్యేసరికి మరొకటి. వెలుగు మారితే దిద్దడం కాదు, కాన్వాసే మార్చడం. 1891 మే నెలలో పారిస్‌లో పదిహేను కుప్పలను పక్కపక్కన పెట్టాడు. కుప్పలు అవే, పొద్దులు పదిహేను. వరి కోతలప్పుడు మీ చేలగట్టు మీద నిలబడితే ఆయనకున్న సరంజామా అంతా నీకూ ఉంటుంది.

మిర్చి కల్లం బొమ్మలో ఎరుపు నీరసంగా ఉందని నువ్వే రాశావు. ఎరుపు తప్పు కాదమ్మా, దాని పొరుగుది. పారిస్ గోబెలిన్స్ నేతశాలలో అద్దకాలు చూసే షెవ్రోల్‌కు ఇలాంటి ఫిర్యాదే వచ్చింది, నల్లదారం నల్లగా కనబడటం లేదని. ఆయన రంగును పరీక్షించాడు, లోపం లేదు. పక్కనున్న దారాలే దాన్ని వెలవెలబోయేట్టు చేస్తున్నాయని తేల్చి 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. నీ బొమ్మలో కాయల చుట్టూ ఎర్రమట్టి, దాని పక్కన నారింజరంగు చీర. ఎరుపు ఎలా లేస్తుంది? కల్లం అంచున కాస్త పచ్చిగడ్డి పడనివ్వు.

నీడలో నలుపు వాడటం మానెయ్. పాత శుభలేఖ ఒకటి తీసుకుని, వెనక తెల్లవైపు కందిగింజంత చిల్లు పెట్టు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, ఆ చిల్లులోంచి మిర్చి రాశి నీడను చూడు. ఇది మిర్చి, ఇది నీడ అన్న సంగతి మాయమై వట్టి రంగు మిగులుతుంది. ముదురు వంగపండు రంగు కనబడొచ్చు, ఆకాశం పడినచోట నీలిజీర కూడా. అలాగే ఎండలో తాలుకాయలు ఏరే ఆడమనిషి గడ్డం కింద చూడు. రాశి ఎరుపు అక్కడ పాకి ఉంటుంది. ఫోన్‌లో ఫొటో చూసి వేస్తే ఇవేవీ దొరకవు. ఫోన్ తనకు తోచినట్టు నీడను మార్చి, ఆకాశాన్ని దిద్ది ఇస్తుంది.

పెట్టెలో సిద్ధంగా వచ్చే పచ్చ ప్లాస్టిక్ బిందెకు పనికొస్తుంది, వరికి కాదు. నాట్లేసినప్పటి పచ్చలో పసుపెక్కువ, పొట్టకొచ్చిన చేనుది ముదురు పచ్చ. లెమన్ ఎల్లోలో అల్ట్రామెరీన్ కలిపి, చివర బర్న్ట్ సియెన్నా చుక్క తగిలించు. గుట్టకు మాత్రం గాలిని బట్టి రంగు. మనకూ గుట్టకూ మధ్యనున్న గాలి నీలికాంతిని వెదజల్లుతుంది కాబట్టే దూరం నీలంగా కనిపిస్తుంది. వాన వెలిశాక అదే గుట్ట దగ్గరికి జరిగినట్టుంటుంది, సంక్రాంతి మంచులో సగం చెరిగిపోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం కాగితం ముందేసుకోకు. మన ఖమ్మం ఎండకు, కుంచె నీళ్లలో ముంచి తెచ్చేలోపు పూత ఆరి గీత పడుతుంది. తడిమీదున్న రంగు ఆరాక పాలిపోతుంది, ఆ లెక్కన ఒక పాలు చిక్కగానే వెయ్యి.

వచ్చే నెల మామయ్య రైలెక్కి వస్తున్నాడు. అప్పటికి ఒకే కుప్పనో, ఒకే తాడిచెట్టునో నాలుగు వేళల్లో వేసి ఉంచు. సంతకం లేకపోయినా ఫర్వాలేదు, ప్రతి కాగితం వెనకా గంట, నిమిషం రాయి. రాసింది చదవకుండా ఏది ఏ వేళదో మీ మామయ్య చెప్పగలడేమో చూద్దువుగాని.

ఆశీస్సులతో,
మామయ్య