పడవలో ఉప్పును కాపాడుకొనుట

పాఠ్యభాగము: మత్తయి సువార్త 5:13



గోదావరి మీద పడవనే ఇల్లుగా చేసికొని కాపురముండు జాలరి కుటుంబములు కలవు. ఒక వానకాలమున అట్టి పడవలో ఒక తల్లి రేకు డబ్బా మూత తీసి చూపి, "అయ్యగారూ, నెలకని తెచ్చుకున్న ఉప్పంతా నీరైపోతోంది. పారబోయమంటారా?" అని అడిగెను. ఆమె ప్రశ్నయే ఈ మాసపు పాఠము.

మొదటిది, ఉప్పు ఏల చెమర్చును? గాలి మోయగల తేమలో నూటికి 75 పాళ్లు దాటిన తరువాతనే శుద్ధమైన ఉప్పు నీరు పట్టును. అయితే కల్లుప్పులో కొద్దిగా మెగ్నీషియము క్లోరైడు కలిసియుండును. అది అంతకంటె చాల తక్కువ తేమకే నీటిని లాగుకొనును. నీటిమీద రాత్రివేళ గాలి ఎంతో తేమగా నుండును గనుక పడవలోని ఉప్పు త్వరగా చెమర్చును.

రెండవది, ఆ గాలిని ఆపవలెను. రేకు డబ్బా ఉప్పుకు తుప్పుపట్టి చిల్లులు పడును. బిగుతు మూతగల గాజుసీసా గాని జాడీ గాని మంచిది. ఉప్పును రెండు పాత్రలలో ఉంచుడి. పెద్దదానిని ఎండకాసిన మధ్యాహ్నమందే తెరిచి, చిన్నదానిలోనికి కొద్దికొద్దిగా తీసికొనుడి. చిన్నదానిలో వేయించి చల్లార్చిన బియ్యపు గింజలు కొన్ని వేసినయెడల అవి తేమను పీల్చును, మెత్తబడగానే మార్చుడి. తడిచేయి పెట్టకుడి. ఉడుకుచున్న కుండమీద సీసాను వంచకుడి. ఆవిరి లోపలికి పోవును. పాత్రను పడవ అడుగు నీటికి దూరముగా, ఎత్తున కట్టుడి.

చెమర్చిన కల్లుప్పును మట్టిమూకుడులో వేడిచేసి ఆరబెట్టవచ్చును. పూర్తిగా చల్లారినగాని మూత పెట్టరాదు. పెట్టినయెడల మరల చెమర్చును. అయొడిను కలిపిన ఉప్పును మాత్రము వేయించకుడి. అయొడిను కొంత పోవచ్చును.

మూడవది, ఎంత చేసినను పొడిగా నిలువకపోయిన ఏమి చేయవలెను? ఒక లీటరు నీటిలో సుమారు 360 గ్రాముల ఉప్పు కరగును, ఆపైన కరగదు. కాచి చల్లార్చిన నీటిని సీసాలో పోసి, అడుగున కొంత ఉప్పు కరగక మిగులునంతవరకు వేయుడి. పైన తేరిన నీటి ఉప్పదనము ఎప్పుడును ఇంచుమించు ఒకేరీతిగా ఉండును. 5 మిల్లీలీటర్ల చెంచాడు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల ఉప్పుండును. ఆ లెక్కను కూరలో వేసికొనవచ్చును.

ఆ తల్లికి చెప్పిన జవాబు ఇదే: "పారబోయకమ్మా. తుప్పు తగలని ఉప్పును సీసాలోకి తియ్యి." ఉప్పు తడిసినంతమాత్రమున దాని ఉప్పదనము పోదు, అది నీటిలోనికి దిగినది, అంతే. చిల్లుడబ్బా నుండి ఆ నీరు కారిపోయిననే నిజమైన నష్టము.

ప్రభువు నిస్సారమైన ఉప్పును గూర్చి హెచ్చరించెను. మనమైతే తడిసినదానిని కూడ నిస్సారమైనదని యెంచి త్వరపడి పారవేయుదుము. ఉప్పును గాని మనిషిని గాని బయట పారవేయకముందు, లోపల సారమున్నదేమో రుచి చూచుట మన ధర్మము.